పైమట్టి

రాళ్ళు చదివేవాళ్ళకి మట్టంటే చులకన. కింద కోట్ల ఏళ్ళ నాటి నది పడుకుని ఉంటే, దాని మీద నిన్నమొన్నటి మట్టి కప్పుకుని కూర్చోవడం వాళ్ళకి చికాకు. దానికి ఓవర్‌బర్డెన్ అని పేరు పెట్టుకున్నారు. చెట్ల వేళ్ళు, చీమల పుట్టలు, మనిషి తవ్వినవీ పారేసినవీ అన్నీ ఆ ఒక్క మాటలోనే వచ్చేస్తాయి. గీసే పటంలో దానికి ఒక్క గీత చాలు. పక్కన "కొలవలేదు" అని రాస్తే ఎందుకు కొలవలేదని అడిగే నాథుడు లేడు.

ఏంజెలా కూడా ఏనాడూ అడగలేదు. ఆమె యూనివర్సిటీలో కాంట్రాక్టు మీద పనిచేసే పరిశోధకురాలు. మలేసియా దక్షిణాన జొహోర్‌లో, లాబిస్ ఊరు దాటాక, ఒకప్పటి రబ్బరు తోటను కొని ఇళ్ళు కడుతున్న కంపెనీ ఒక కొండను సగానికి కోసింది. ఆ కోతలో పాత నది పొరలు బయటపడ్డాయి. ఆమె ప్రొఫెసర్ శివనేశన్ కంపెనీవాళ్ళని బతిమాలి ఆదివారం దాకా అనుమతి తెచ్చాడు. సోమవారం మళ్ళీ కోత మొదలు. డైనోసార్ల కాలం నుంచి భద్రంగా ఉన్న నదికి ఈ వారంతో నూకలు చెల్లు.

"సికిత్ లాగి, సికిత్ లాగి," ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ ఎక్స్‌కవేటర్ నడిపే ఇండోనేసియా అతనికి చేత్తో చూపిస్తోంది ఏంజెలా. గురువారం పొద్దున్నే ఆమె పెట్టించిన పని అది. కొండ భుజం మీది గోధుమరంగు మట్టిని, దాని కింద నానిపోయి మెత్తబడ్డ పొరను కూడా, గట్టి రాయి తగిలేదాకా గీకించింది. గీకిన మట్టిని లారీ ఎత్తుకుపోయి కింద కొత్త రోడ్డు వచ్చే పల్లంలో పోస్తోంది. తూర్పు చివర మాత్రం సర్వేవాళ్ళ కర్రలు అడ్డం ఉంటే ఆ మూల వదిలేశారు. తర్వాత గొట్టం పెట్టి నీళ్ళు కొట్టిస్తే కొండ ముఖం ఎర్రగా తేటపడింది.

ఇక అక్కణ్ణుంచి ఆమెకి ఆకలి దప్పులు లేవు. టేపు వేలాడదీసి, బ్రష్‌తో తుడుచుకుంటూ, భూతద్దం కంటికి ఆనించుకుని అడుగు నుంచి పైకి పోతోంది. అడుగున గులకరాళ్ళు కలిసిన ముతక ఇసుకరాయి, అంటే నది నడిగర్భం. దాంట్లో ఏటవాలు గీతలు నీళ్ళు ఎటు పారాయో చెబుతాయి. ఆ పైన సన్న ఇసుక, అంటే వేగం తగ్గింది. దాని మీద ఎర్రటి బురదరాయి, అంటే వరద గట్టు దాటి పొలాల మీద పడ్డట్టు పక్కకి పరుచుకుంది. ఆ బురదలో బీటలు, బీటల్లో తెల్ల ఇసుక. వరద పోయాక ఎండ కాసింది, నేల పగిలింది, మళ్ళీ వరదొచ్చి పగుళ్ళు నింపింది. ఇన్ని కోట్ల ఏళ్ళ కిందటి ఒక వేసవి ఆమె వేలికింద ఉంది. చిన్న పెళ్ళ ఒకటి గిల్లి నోట్లో వేసుకుంది.

"ఏటమ్మా, మట్టి తింటన్నావు? కడుపుతో ఉన్నావేటి?"

తెలుగు వినపడేసరికి ఏంజెలాకి పొలమారింది. వెనక సన్నటి ముసలాయన గొడుగు చంకలో పెట్టుకుని, ఆమె ముఖంలోకి పరీక్షగా చూస్తున్నాడు.

"కాదు తాతా. పళ్ళ కింద గరగర అంటే సన్న ఇసక. జారిపోతే ఒట్టి బురద. అలా సూస్తాము," అంది నోరు తుడుచుకుని. ఆమెది ఇంట్లో విన్న తెలుగు, వాడక తక్కువ.

"అయితే మనోళ్ళ పిల్లవే! ఎవురమ్మాయివి?"

"మాది క్లాంగ్. మా అమ్మ ఆగ్నెస్. చర్చిలో పాటలు సెప్తాది."

"అదీ సంగతి. నా పేరు పోలయ్య. ఈ తోటలో పుట్టినాను, ఈ తోటలోనే పాలు గీసినాను. ఇప్పుడు టౌన్‌లో ఫ్లాటు ఇచ్చినారు. కిటికీ తీస్తే ఎదరోడి కిటికీ." గొడుగు నేలకి ఆనించాడు. "కంపెనీ ఆఫీసుకు పోనాను. ఆడ శరవణ్ అని తంబి ఉన్నాడు. 'తాతా, కొండని యూనివర్సిటీవాళ్ళు సూస్తన్నారు, సమాధులుంటే ఆళ్ళే సెప్తారు' అన్నాడు. అందుకు నీకాడికి వచ్చినాను."

"ఏ సమాధులు?"

"మాయి. తోటలో సచ్చిపోనోళ్ళని ఈ కొండ మీదే ఎట్టినాము. మా ఆడది కన్నియమ్మ కూడా ఈడే ఉంది."

"ఎక్కడ?"

పోలయ్య గొడుగు ఎత్తి ఒక చోటు చూపించాడు. కాదని ఇంకో చోటు చూపించాడు. అక్కడ గాలి తప్ప ఏమీ లేదు, ఆ సగం కొండ కిందటేడే పోయింది. అతను చుట్టూ తిరిగి విసుక్కున్నాడు. "రబ్బరు సెట్లుంటే సెప్పుదును. పామాయిలు ఏసినప్పుడు అయి పోనాయి. సిలువలు కర్రయి, సెదలు తినేసినాయి. ఇప్పుడు కొండే పోనాది, ఏ గుర్తని సెప్పను? వరసగా ఎట్టినాము, అది తెలుసు. పిల్లల్ని కూడా ఆ వరసలోనే. మా దాన్ని పడమటి కొసన ఎట్టినాము. దాని తరవాత ఇంకెవుర్నీ ఎట్టలేదు, తోటే మూసేసినారు."

"తాతా, నేను రాయి సూసేదాన్ని. మనుషుల సంగతి నాకు రాదు."

"సూడమ్మా. కళ్ళు పెట్టుకుని సూడ్డమే కదా." సమాధులు తేలితే ఆ మేరకు కొండ ఆపుతామని శరవణ్ మాటిచ్చాడట. సోమవారం లోపల తేలాలి. పోలయ్య ఆ మాట రెండుసార్లు చెప్పి, కొండ దిగి వెళ్ళిపోయాడు. ముసలాళ్ళకి పొద్దుపోక ఇలాంటివి తవ్వుకుంటూ ఉంటారని ఏంజెలా అనుకుంది. అనుకుని తన బీటల దగ్గరికి తిరిగింది.

మర్నాడు పడమర నుంచి కొలుచుకుంటూ వచ్చి, మట్టి తీయకుండా వదిలేసిన తూర్పు మూలకి చేరింది. అక్కడ కొండ అంచు నిట్టనిలువుగా తెగి ఉంది. పైన గోధుమరంగు మట్టి, కింద మెత్తబడ్డ ఎర్ర బురదరాయి. ఆ రెంటి మధ్య గీత నేరుగా పోవాలి. ఒక చోట అది పోలేదు. గోధుమరంగు ఎరుపులోకి దిగిపోయింది. ఇంకొంచెం అవతల మళ్ళీ దిగింది. ఆ అవతల మళ్ళీ.

నది కూడా కింది పొరను కోసి దిగుతుంది. కానీ నది కోత మూకుడులా గుండ్రంగా ఉంటుంది, అడుగున గులకరాళ్ళు మిగులుతాయి. ఈ గుంటల గోడలు నిటారుగా ఉన్నాయి, అడుగు చదునుగా ఉంది. ఇలా కోసేది నీళ్ళు కాదు, పార. ఏంజెలా మోకాళ్ళ మీద కూర్చుంది. వెంటనే ఒప్పుకోలేదు, ఒప్పుకుంటే ఆమె చదువెందుకు? రబ్బరు తోటల్లో వాన నీళ్ళని ఆపడానికి పొడుగాటి గుంటలు తవ్వేవాళ్ళు. ఇవి అవి కావచ్చు. అవే అయితే బాగుండునని కూడా అనుకుంది.

చిన్న తాపీ తీసుకుని గుంట ముఖాన్ని పల్చగా చెక్కింది. నీళ్ళు పట్టే గుంట మెల్లగా నిండుతుంది. ప్రతి వానకీ ఒక సన్న పొర, పొరలో కింద ఇసుక, పైన ఒండ్రు, పైన రాలిన ఆకు. పుస్తకంలో కాగితాల్లా లెక్కపెట్టుకోవచ్చు. ఇక్కడ ఒక్క పొర లేదు. ఎర్ర పెళ్ళలు, గోధుమ మట్టి, మళ్ళీ ఎర్ర పెళ్ళలు, అడుగున ఉండాల్సింది పైన, పైన ఉండాల్సింది అడుగున. తవ్వినవాళ్ళు ఒడ్డున పోసి, వెంటనే, ఆ పూటే, మళ్ళీ లోపలికి తోసేశారు. రెండో గుంటా అంతే. మూడోదీ అంతే. మూడూ ఒకే దిక్కుకి, తూర్పు పడమరగా ఉన్నాయి.

నిజం చెప్పాలంటే ఆమెకి మొదట కలిగింది సంతోషమే. చిక్కు విడినప్పుడు కలిగే సంతోషం. దాని వెనకాలే సిగ్గు వచ్చింది. ఆ తర్వాత, వరసగా పెట్టామని ముసలాయన చెప్పిన మాట గుర్తొచ్చి, ఆ వరస ఎటు పోతోందోనని తల తిప్పి చూసింది. గుంటకీ గుంటకీ మధ్య సమానమైన ఎడం. అదే ఎడంతో చూపు పడమటికి పోయింది. అక్కడ తను గీకించి, కడిగించి, భూతద్దంతో ముద్దు చేసిన రాయి నీళ్ళు కారుతూ శుభ్రంగా ఉంది. గట్టి రాయి తగిలేదాకా తీయించింది కదా, గుంటల అడుగులు కూడా మిగల్లేదు.

ఆమె కొండ దిగి పల్లంలోకి పరుగెత్తింది. లారీ పోసిన మట్టిని అప్పటికే రోడ్డు వెడల్పున పరిచేశారు, రోలర్ తొక్కడమే మిగిలింది. దాని మీద అటూ ఇటూ తిరిగింది. ఒక చోట చెక్కముక్క దొరికింది. దానికి వరసగా తుప్పు మేకులు. ఏ పెట్టెదైనా కావచ్చు. ఏ పెట్టెదో ఆమెకి తెలుసు. తీసిన చోటే పెట్టి, చేత్తో మట్టి కప్పింది. చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళ సీసా తీసి, కడుక్కోకుండానే మూత పెట్టేసింది.

శివనేశన్ శనివారం పొద్దున కౌలాలంపూర్ నుంచి కారులో వచ్చాడు. వస్తూ ఆమె కోసం దోసెలు, అక్కడి మాటలో తోసైలు, కట్టించుకొచ్చాడు. చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. తూర్పు మూలకి పోయి, టోపీ తీసి, గుంటల ముందు చాలాసేపు నించున్నాడు. ఆమె తాపీ అడిగి తీసుకుని తనూ చెక్కి చూశాడు.

"నీళ్ళు నింపింది కాదు. మనిషి పూడ్చిందే," అన్నాడు తమిళంలో. ఇద్దరూ మాట్లాడుకునేది ఆ భాషే. "బాగా పట్టావు, ఏంజెలా. విద్యార్థులకి చూపించాల్సిన కోత ఇది."

అక్కడే నించుని శరవణ్‌కి ఫోన్ చేశాడు. కంపెనీవాళ్ళు నానా గొడవా చేస్తారని ఏంజెలా అనుకుంది. అవతలి గొంతు చాలా మర్యాదగా, ఆ మూలంతా ఎలాగూ పార్కుకి వదిలిందే, కంచె వేసి బోర్డు పెడతాం, యూనివర్సిటీ నుంచి ఒక కాగితం ముక్క ఇవ్వండి చాలు అంది. అప్పనంగా వచ్చే పుణ్యాన్ని ఎవడు కాదంటాడు?

అప్పుడు ఏంజెలా మిగతాది చెప్పింది. వరస పడమటికి పోయిందని, అది తను తీయించిన మట్టిలో ఉందని, ఆ మట్టి ఇప్పుడు రోడ్డు కింద ఉందని, రోలర్ ఎక్కకముందే ఆపి వెతకాలని. చెక్కముక్క సంగతీ చెప్పింది. కారు బానెట్ మీద లాప్‌టాప్ పెట్టి, కంపెనీకి ఇవ్వడానికి రాత్రే రాసిపెట్టుకున్న కాగితంలో చివరి వాక్యం చూపించింది: ఈ వరసకి ఆనుకుని ఉన్న మట్టిని, పరిశీలించకుండా, మా కోరిక మీదే తొలగించారు.

శివనేశన్ చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఇది తీసేయ్."

"నిజం కదా సార్."

"నిజమని నీకెలా తెలుసు? అక్కడ గుంటలు చూశావా?"

"చూడలేదు. చూడకుండానే తీయించాను."

"మరి చూడనిదాన్ని ఉందని రాయడం నీకు నేనెప్పుడైనా నేర్పానా? చూసింది రాస్తాం. చూసినవి మూడు." గొంతు పెంచలేదు. "మట్టి తీయించడం తప్పు కాదు, ఏంజెలా. నేనూ తీయిస్తాను, ప్రపంచమంతా తీయిస్తుంది. కానీ ఈ వాక్యం బయటికి పోతే ఇకమీదట మనల్ని ఏ కొండ దగ్గరికీ రానివ్వరు. వచ్చే నెల నీ కాంట్రాక్టు మళ్ళీ రాయాలి. ఆ కమిటీలో నేనొక్కణ్ణే కాదు ఉండేది."

బెదిరింపు కాదు అది. బెదిరించేవాడైతే తిరగబడొచ్చు. ఇంత మెత్తగా, తోసై పొట్లం చేతికిస్తూ చెప్పేవాడితో ఏం పోట్లాడతాం? ఏంజెలా లాప్‌టాప్ దగ్గరికి తిరిగింది. వాక్యం చివర నిలబడ్డ గీత టిక్కుటిక్కుమని కొట్టుకుంటోంది. తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యంతోనే వెనక నుంచి ఒక్కో అక్షరం చెరిపేసింది. శివనేశన్ ఆమె భుజం తట్టి, "సాపిడు మా," తినమని చెప్పి కారెక్కాడు.

సాయంత్రానికి కంచె లేచింది. పచ్చ రంగు వలకంచె, కొత్తది, ఇంకా నూనె వాసన. పోలయ్య కబురందుకుని ఆదరాబాదరా వచ్చాడు. ఒక చేతిలో సిలువ ఉంది, ఏ అలమర తలుపో విప్పి చేసినట్టుంది, తెల్ల రంగు తడి ఆరలేదు. అతని ముఖంలో వెలుగు చూసి ఏంజెలాకి అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది.

"ఇన్నాళ్ళూ అందరి కాళ్ళు పట్టుకున్నాను. నువ్వొచ్చినావు, తీసి సూపించినావు. నీ కడుపు సల్లగుండ." కంచె లోపలికి వచ్చి మూడు గుంటల పైనున్న గడ్డిని ఒక్కొక్కటీ చూశాడు. "అమ్మా, నువ్వు సదివినదానివి. ఇందులో కన్నియమ్మ ఏది?"

పడమటి కొస. ఆ కొసన ఉన్నదెవరో, ఆ కొస ఇప్పుడెక్కడుందో, రెండూ తెలిసిన మనిషి ఈ భూమ్మీద తనొక్కతే. ఏంజెలా నోరు తెరిచింది. వెనక, పల్లంలో, ఎవరో రోలర్‌ని లారీ మీద నుంచి దింపుతున్న చప్పుడు. ఆధారం లేకుండా ఏనాడూ ఒక గీత కూడా గీయని మనిషి, మూడింటిలో పడమర వైపుది చూపించి, "ఇది తాతా," అంది.

"ఇదా." పోలయ్య ఆమె ముఖం వైపు కొంచెంసేపు చూశాడు. తర్వాత వంగి, గొడుగు కొసతో గుంట తీసి సిలువ నాటాడు. అడుగున మట్టి తొక్కుతూ ఏదో పాట పాడుకున్నాడు. ఏంజెలా వాళ్ళమ్మ చర్చిలో పాడేదే ఆ పాట, కానీ మాటలు వేరేగా ఉన్నాయి.

అంతటితో అయిపోతే ఆమె ఎలాగో బతికేసేది. కానీ తెలుగు చర్చిల వాట్సాప్‌లో ఆ రాత్రికే కబురు పోయింది. మన తోట సమాధులు దొరికాయి, యూనివర్సిటీలో పనిచేసే మనమ్మాయే కనిపెట్టింది. ఆదివారం ఆరాధన అవగానే క్లాంగ్ నుంచి ఒక బస్సు, షా ఆలం నుంచి వేన్లు వచ్చాయి. పూలు, కొవ్వొత్తులు, నీళ్ళ సీసాలు, ఎండకి గొడుగులు. తెలుగు రాని మనవలు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ముసలివాళ్ళు కంచె దాకా వచ్చి, లోపలికి చూసి, తర్వాత చుట్టూ చూశారు. మిగతావి ఎక్కడున్నాయోనని చూస్తున్నారని ఏంజెలాకి అర్థమైంది. శరవణ్ ఇస్త్రీ చొక్కాలో వచ్చి అందరికీ చేతులు జోడిస్తున్నాడు.

ముందుగా ఏంజెలా దగ్గరికి వచ్చినావిడ పేరు జయమణి. బొద్దుగా, చెమటతో, పట్టు చీరలో ఉంది. చేతిలో చిన్న పూలచక్రం, అరచేతిలో పట్టేంత.

"అమ్మా, నువ్వేనా? నా తమ్ముడు ఒకడు పసికందుగా పోనాడు. అమ్మ బతికున్నన్నాళ్ళూ ఆడి మాటే. ఈడే ఉన్నాడంట. సిన్న గుంట ఉంటాది. ఏది?"

మూడూ పెద్దవాళ్ళవి. ఏంజెలా టేపు పెట్టి కొలిచింది, ఆమెకి అంగుళాలతో సహా తెలుసు. ఇక దాచడం తన వల్ల కాదనుకుంది. కాంట్రాక్టు పోతే పోనీ. ఇంతమంది ఉన్నారు, ఇప్పుడు చెబితే అందరూ కలిసి పల్లంలోకి దిగి రోలర్‌కి అడ్డం కూర్చుంటారు.

"ఆంటీ, ఒక మాట సెప్పాల. మిగిలినయి నేనే..."

పోలయ్య ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ముసలి చెయ్యి, అయినా రబ్బరు గీసిన చెయ్యి. ఆమెను రెండడుగులు పక్కకి లాగాడు.

"ఏటి సెప్తావు?" అన్నాడు గొంతు తగ్గించి.

"తాతా, నిన్న నేను సూపించింది..."

"నాకు తెలుసు. నిన్ననే తెలుసు, నీ ముఖం సూసినాను కదా. కన్నియమ్మని ఎట్టిన కొస నువ్వు నీళ్ళు కొట్టి కడిగిన కాడ. పొద్దున సర్వే తంబిని అడిగినాను, మట్టి ఏడ పోసినారని. రోడ్డు సూపించినాడు."

ఏంజెలా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అయితే ఇప్పుడే సెప్దాం తాతా. రేపు రోలర్ ఎక్కుతాది. ఈరోజు ఆపితే..."

"ఆపితే? రాయిలా తిరగేసి సూసి ఇది ఫలానావోడి ఎముక అని సెప్పగలవా?" పోలయ్య జయమణి వైపు చూశాడు. ఆవిడ పూలచక్రాన్ని ఎండ తగలకుండా చీర కొంగు కింద పెట్టుకుని నించుంది. "అది బస్సులో ఇంత దూరం వచ్చినాది. నీ తమ్ముడు రోడ్డు కింద ఉన్నాడని సెప్తే తిరిగి ఎలా ఎల్తాది? ఆ బస్సులో ఎలా కూకుంటాది?"

"మరి అబద్ధం..."

"నిన్న నాకు సూపించినావు కదా. అప్పుడు నోరు పడిపోనాదా? నాకు సెప్పినదే ఆళ్ళకీ సెప్పు."

దయతో అన్నాడా, కోపంతో అన్నాడా, ఏంజెలాకి తెలియలేదు. దయ అయినా కోపమైనా కంపెనీకి కావలసింది అదేనని మాత్రం తెలిసింది. పల్లంలో రోలర్ ఖాళీగా నించుని ఉంది. పోలయ్య ఆమె చెయ్యి వదిలేసి, కంచె తలుపు తీసి పట్టుకుని, "రండి, రండి, తొయ్యకండి, ఒక్కొక్కళ్ళే రండి," అన్నాడు పెద్దగా.

ఏంజెలా తూర్పు వైపు గుంట చూపించింది. "ఇది ఆంటీ. తల్లి పక్కన పడుకోబెట్టినట్టు, పెద్దవాళ్ళతో కలిపి పెట్టినారు."

"తల ఎటు?"

"అటు. పడమర."

జయమణి పడమర వైపు మోకాళ్ళ మీద కూర్చుని, పూలచక్రం గడ్డి మీద పెట్టి, దాని రిబ్బను సరిచేసింది. ఏడవలేదు. "ఇక్కడే ఉన్నావా రా," అంది, ఇన్నాళ్ళకి దొరికిన పిల్లాణ్ణి కసురుతున్నట్టు. ఆమె వెనక అప్పటికే వరస కట్టారు. తర్వాతి ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని ముందుకొచ్చి, తన తండ్రి పేరు చెప్పాడు. ఏంజెలా ఆ పేరు విని, కాసేపు ఆలోచించినట్టు నటించి, మధ్య గుంట చూపించింది.